బామ్ మడి, కూర మడి

జీతం తీసుకుని వాసన చూసే మనిషిని నేను. కంపెనీ కాగితాల్లో నా పనికి క్వాలిటీ కంట్రోల్ అని పెద్ద పేరుంది గానీ, మా అక్క మాత్రం ఎవరికి పరిచయం చేసినా "మా తమ్ముడు, నూనెలు వాసన జూస్తడు" అనే చెబుతుంది. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో మాదొక చిన్న ఫ్యాక్టరీ. తలనొప్పి బామ్‌లకూ దగ్గు బిళ్లలకూ పడే మెంథాల్‌ను పుదీనా నూనెలోంచి తీస్తాం. ఆ నూనె ఉత్తరాది నుంచి డ్రమ్ముల్లో వస్తుంది. వచ్చిన ప్రతి డ్రమ్ము మూత తీసి, కాగితం పట్టీ ఒకటి ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకోవడం నా వృత్తి. ఆ తర్వాత అదే నూనెను, అందులో ఏమేం ఎంతెంత ఉన్నాయో గీతల్లో చూపించే యంత్రంలో పెడతాను. ముక్కు చెప్పిందీ యంత్రం చెప్పిందీ ఒకటైతే సంతకం పెడతాను. ఒకటి కాకపోతే యంత్రాన్నే నమ్మాలని రూలు.

ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు ముక్కు మీద ఆధారపడి బతకడం నవ్వు తెప్పించే సంగతే. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో మేం చెట్లను చూసి చెప్పం, పీల్చి చెబుతాం. కొత్తగా ఫ్లాటు కొనుక్కుని వచ్చినవాళ్లు మొదట ఫిర్యాదులు రాస్తారు, తర్వాత కిటికీలు మూసుకుంటారు, ఇంకొన్నాళ్లకు "ఏం వాసనండీ, మాకేం రావట్లేదే" అంటారు. అలాంటి చోట నా ముక్కు ఇంకా పని చేస్తోందంటే అది పుదీనా చలవే అని నా నమ్మకం. ఆ నమ్మకానికి యంత్రం దగ్గర ఆధారమేమీ లేదు.

అక్కను ఇంద్రేశంలో ఇచ్చారు. ఇచ్చిన రోజుల్లో అది మామూలు పల్లె. ఇప్పుడు చుట్టుపక్కల పొలాలన్నీ ఒక్కొక్కటిగా వెంచర్లయ్యాయి. ప్రతి వెంచర్‌కూ తోట అనో వనం అనో ఏదో ఒక పచ్చని పేరు ఉంటుంది. పచ్చగా ఉన్నదాన్ని చదును చేసి, ఆ పచ్చదనాన్ని బోర్డు మీద రాయడం మా వైపు ఆచారం. అక్కవాళ్ల చెక్క ఒక్కటే మధ్యలో మిగిలింది. అటు వెంచర్ వాళ్ల రోడ్డు వచ్చి వీళ్ల ఒడ్డు దగ్గర ఆగింది, ఇటు నుంచి వచ్చిన రోడ్డూ వచ్చి ఆగింది. రెండు రోడ్ల మధ్యలో అక్క గోంగూర, టమాట, వంకాయ వేసుకుంటూ ఉండేది.

బావ మందుల కంపెనీలో ఆపరేటర్. షిఫ్టు దిగి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా మోటర్ దగ్గరికి పోవాలి. కరెంటు ఉంటే బోరు పోయదు, బోరు పోసే వేళకు కరెంటు ఉండదు. ఆయనకు పొలం మీద ప్రేమ లేదని కాదు, ఓపిక అయిపోయింది. "బామ్మర్దీ, ఇగ నాతోని కాదు. పొద్దంత కంపెనీల నిలవడుడు, ఇంటికొచ్చి బోరు కాడ నిలవడుడు. కూసునే యోగం లేదు నాకు. వెంచరోళ్లు మంచిగనే అడుగుతున్రు, ఇచ్చేద్దాం" అంటాడు. అక్క వంటింట్లోంచే జవాబిస్తుంది. "ఇచ్చి నేనేం జెయ్యాలె? ఇంట్ల కూసోని గోడలు సూడాల్నా?"

ఈ మాటలు నేను పోయిన ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను. వినీ వినీ ఒకరోజు అన్నం తింటూ నోరు జారాను. మేము అంత దూరం నుంచి నూనె తెప్పించుకుంటున్నామని, ఈ చుట్టుపక్కల పండితే మా కంపెనీయే కొంటుందని, పక్కనున్న టూత్‌పేస్టు ఫ్లేవర్ల కంపెనీ కూడా కొంటుందని అన్నాను. మామూలుగా చదువుకున్నవాళ్లు అన్నం దగ్గర ఇలాంటి మాటలే మాట్లాడతారు, ఎవరూ పట్టించుకోరు. కానీ అక్క చేతిలో గరిటె ఆగింది.

"మన పొలంల పండుతదా?" అని అడిగింది.

పండుతుందనే అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. పుదీనాలో రకాలుంటాయని, ఏ రకం మన ఎండలకు ఆగుతుందో, ఏది ఎంత నూనె ఇస్తుందో పోల్చి చూడాలని, అలా పోల్చకుండా వేస్తే మునుగుతామని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. బావ అంతా విని చేయి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పాడు.

"సరే. ఈ ఎండకాలం ఒక్కటి ఇస్తున్న. మీ రకాలన్ని ఏసి సూడుండ్రి. ఇక్కడి కంపెనీలు కొనే నూనె, బామ్మర్ది యంత్రం పాసు జేసిన నూనె, సరిపోను ఎల్లిందనుకో, పొలం ఉంటది. వెంచరోళ్లను నేనే పొమ్మంట. ఎల్లకుంటె సంతకం బెడతా. మల్ల ఏడ్సుడు లేదు."

"లేదు" అంది అక్క. అంత గట్టిగా ఆమె మాట ఇవ్వడం నేను అంతకు ముందు వినలేదు.

ఇద్దరూ నన్ను సాక్షిగా పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి నాకు ఆ ఇంట్లో మర్యాద పెరిగిపోయింది. అక్క నా విస్తట్లో నెయ్యి ఎక్కువ వేసేది. బావ బండి మీద బస్టాండు దాకా దింపి, దారిలో వెంచర్ వాళ్లు వేసిన సీసీ రోడ్డు ఎంత సాఫీగా ఉందో చూపించేవాడు. ఎవరి ప్రచారం వాళ్లది.

చలి తగ్గే వేళకు ఒక పరిశోధన తోట నుంచి నాలుగు రకాల పిలకలు తెచ్చాను. నాలుగు మళ్లు కట్టించి, ఒక్కో మడి దగ్గర ఒక్కో రేకు ముక్క పాతి, శాస్త్రీయ నామాలు పెయింటుతో రాశాను. అక్క వాటిని చదవడానికి ప్రయత్నించి, విసుగొచ్చి, ప్రతి రకం ఆకునూ నలిపి వాసన చూసి తన పేర్లు తను పెట్టుకుంది. మెంథాల్ పుదీనా బామ్ మడి అయింది. పిప్పర్‌మెంటు చాక్లెట్ మడి అయింది. నిమ్మ వాసన కొట్టే బెర్గమాట్ పుదీనా సబ్బు మడి. మనం రోజూ చట్నీలో వేసుకునే రకం కూర మడి. వారం తిరిగేసరికి నేను కూడా ఆ పేర్లే వాడటం మొదలుపెట్టాను. నా లాటిన్ రేకు మీద కాకులు వాలేవి.

నాలుగింటి స్వభావాలూ వేరు. చాక్లెట్ మడి దొరబిడ్డ. దానికి చల్లగా ఉండాలి, పగలు పొడుగ్గా ఉండాలి, నేల తడిగా ఉండాలి, ఇవన్నీ ఉన్నా కూడా ఏదో ఒకటి తక్కువైందని మొహం మాడ్చుకుంటుంది. మన ఫిబ్రవరి ఎండకే దాని ఆకు అంచులు ఎర్రబడ్డాయి, మార్చి వచ్చేసరికి అది మనల్ని క్షమించడం మానేసింది. సబ్బు మడి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎండ తగిలినా, నీళ్లు ఆలస్యమైనా, మేకలు వచ్చి మూతి పెట్టి ఛీకొట్టి పోయినా, అది తన పని తను చేసుకుంటూ పెరిగింది. ఈ నేలకు తగిన రకం ఏదని ఎవరైనా పరీక్షలో అడిగితే నేను దాని పేరే రాస్తాను. కాకపోతే దాని నూనె సెంట్లవాళ్లకు కావాలి, మా బెల్టులో సెంటు తయారుచేసేవాడు లేడు. మా దగ్గర వాసనలు తయారవుతాయి గానీ వాటినెవరూ కొనరు.

ఇక మిగిలినవి రెండు. కూర మడి నూనెకు పేస్టు ఫ్లేవర్ల కంపెనీ ఉంది. అది ఎండకు బాగానే ఆగుతుంది, కానీ నూనె కొంచెమే ఇస్తుంది. బామ్ మడి నూనెకు మా కంపెనీ ఉంది. అన్ని రకాల్లోకీ ఎక్కువ నూనె ఇచ్చేది అదే. ఎండ అంటే దానికి భయం లేదు, పైగా ఎండ బాగా కాస్తేనే ఆకులో నూనె చిక్కబడుతుంది. దానికి కావలసిందల్లా వేళకు నీళ్లు. పొడి ఎండలు కాసే నేలలో పుదీనా వ్యవసాయం గురించి నేను చదివిన కాగితాలన్నీ కలిపి పిండితే ఈ ఒక్క సంగతే మిగులుతుంది: ఎండ నూనెను పెంచుతుంది, నీళ్లు లేకపోతే నూనె ఉండటానికి ఆకే ఉండదు. అందుకని నా ఆశ అంతా బామ్ మడి మీద పెట్టుకున్నాను. అక్కకు కూడా అదే చెప్పాను. "పొలం దీనిమీదనే ఉన్నదక్కా" అన్నాను. అర్థమైందన్నట్టు తల ఊపింది.

నూనె తీయడానికి బట్టీ కావాలి. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వెల్డింగ్ షాపులో పాత స్టీలు పీపా ఒకటి కొని, మూతకు పైపు, పైపు చివర నీళ్లలో చల్లబడే చుట్ట పెట్టించాను. వెల్డర్ బీహార్ మనిషి. నేను గీసిన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి, "దారూ నికాలేంగే క్యా, సాబ్?" అని అడిగాడు. కాదు, పుదీనా నూనె తీస్తామన్నాను. సరే, అలాగే అనుకుందాం అన్నట్టు నవ్వి, మూత ఇంకా గట్టిగా బిగించి ఇచ్చాడు. పొలంలో దాన్ని దించిన రోజు ఊళ్లో సగం మంది వచ్చి చూశారు. గుడుంబా బట్టీ ఎలా ఉంటుందో మా వైపు ఎవరికీ నేర్పించనక్కర్లేదు. ఒక పెద్దాయన మాత్రం మా మాట నమ్మలేదు, చాలా రోజుల పాటు సాయంత్రం పూట గ్లాసు పట్టుకుని అటువైపుగా నడిచి వస్తూ, "ఇంక షురూ గాలేదా?" అని మర్యాదగా అడిగి వెళ్లేవాడు.

ఇదంతా సజావుగానే ఉంది. నేను లెక్కలోకి తీసుకోని విషయం ఒకటే, అది ఏ కాగితంలోనూ రాసి ఉండదు. పొలంలో ఆకుకూర ఉన్నప్పుడు ఒడ్డు మీదికి వచ్చి ఎవరైనా పిడికెడు అడిగితే లేదనరు. ధాన్యం వేరు, పత్తి వేరు, వాటికి తూకం ఉంటుంది. కూరాకుకు పైసలు అడగడం మా వైపు నోటికి రాని పని. అంగడికి తీసుకుపోయి గంపలో పెడితే అమ్మకం. పొలం దగ్గరికి వచ్చి అడిగితే మాత్రం అది ఇచ్చేదే. అక్క అత్త అలాగే ఇచ్చేది, అక్కా అలాగే ఇస్తోంది.

మొదట కిరాయి గదుల్లో ఉండే ఒడిశా ఆడవాళ్లు వచ్చారు. షెడ్డు పనికి పోతూ ఒడ్డు మీద ఆగి, వేళ్లు దగ్గరికి చేసి చూపించి "థోడా, దీదీ" అన్నారు. అక్క కూర మడిలో వంగి కోసి కొంగులో వేసింది. తర్వాత కొత్త అపార్టుమెంట్ల నుంచి స్కూటీల మీద వచ్చారు. వాళ్లు పర్సు తీయబోతే అక్క నొచ్చుకునేది. "ఆకుకు పైసలేంది బిడ్డా, తీస్కపో" అనేది. తర్వాత రంజాన్ వచ్చింది. రోడ్డు మీద హలీం బట్టీ పెట్టినాయన రోజూ సంచి తెచ్చుకునేవాడు. ఆయన వ్యాపారస్తుడు, కొనడానికే వచ్చాడు. ఆయనకు కూడా ఊరికే ఇచ్చింది. ఆయన ఊరుకోక ఇఫ్తార్ వేళ డబ్బా నిండా హలీం పంపించాడు. హలీం మేమంతా తిన్నాం, నేనైతే అడిగి మరీ వేయించుకున్నాను. బావ కూడా తక్కువ తినలేదు. తన షిఫ్టు దోస్తులకు పుదీనాను కూడా తనే కవర్లలో నింపి తీసుకుపోయేవాడు.

వీటన్నిటిలోకీ పెద్ద విచిత్రం వెంచర్ వాళ్ల భూమిపూజ. పక్క ముక్కలో కొత్త ఫేజ్ మొదలుపెడుతున్నారు, వచ్చినవాళ్లకు బిర్యానీ భోజనాలు. వంటవాడికి పుదీనా తక్కువైంది. వెంచర్ ఆఫీసు కుర్రాళ్లు ఇద్దరు నేరుగా ఒడ్డు మీదికి వచ్చి, ఏ పొలాన్ని రోడ్డు కింద కలుపుకుందామని చూస్తున్నారో అదే పొలంలో నిలబడి, "అక్కా, జెర పుదీన" అన్నారు. అక్క బస్తాకు కోసిచ్చింది. ఆ రోజు ఆదివారం, నేను అక్కడే ఉన్నాను.

"వాళ్లకెందుకిస్తున్నవక్కా? రేపు బుల్డోజర్ తెచ్చేటోళ్లు వాళ్లే గదా?" అన్నాను.

"అది రేపు గదా" అంది అక్క. "ఇయ్యాల అన్నాలకు పిలిసిన్రు పదిమందిని. బువ్వ కాడ ఏం పంచాది తమ్మీ?"

ఏప్రిల్‌లో బామ్ మడి అంచులు మాడటం మొదలైంది. ఎందుకిలా అవుతోందని అడిగితే "ఎండ తమ్మీ" అంది అక్క. ఎండకు ఆగే రకం ఎండకు మాడటమేమిటని నాకు నిద్ర పట్టలేదు. మొక్క పీకి వేర్లు చూశాను, నులిపురుగు ఉందేమోనని. మట్టి తీసుకుపోయి ల్యాబులో పరీక్ష చేశాను. నీళ్లలో ఉప్పు ఎక్కువైందేమోనని అదీ చూశాను. ఇనుము తక్కువైందన్న అనుమానంతో ఏదో మందు తెచ్చి ఆకుల మీద కొట్టాను. చదువుకున్నవాడికి మొక్క ఎండిపోవడానికి బోలెడన్ని కారణాలు తోస్తాయి. అసలు కారణం మరీ సులువుగా ఉండటం వల్ల నాకు తోచలేదు. పక్కనే కూర మడి మాత్రం కోసినకొద్దీ చిగురిస్తూ నిగనిగలాడుతోంది. మన నేలకు ఈ రకం బాగా కుదిరిందని ఆఫీసులో ఒకరిద్దరికి గొప్పగా చెప్పాను కూడా.

వానలు పడకముందే కోత కోయాలి, తడిస్తే నూనె దిగదు. ఎండలు ముదిరిన ఒక ఉదయం కొడవళ్లు పట్టుకుని దిగాం. బావ సెలవు పెట్టి వచ్చి ఒడ్డు మీద కూర్చున్నాడు. ఎన్నాళ్లకో ఆయనకు కూర్చునే యోగం కలిగింది. చాక్లెట్ మడిలో కోయడానికేమీ లేదు. సబ్బు మడి నిండుగా వచ్చింది, కొనేవాడు లేడు. కూర మడిలో వంగి చూస్తే నేలబారుగా చిగుళ్లు తప్ప ఏమీ లేవు. ముందు రోజు సాయంత్రం దాకా జనం కోసుకుపోయారు. బామ్ మడి దగ్గరికి వచ్చాను. గడ్డిపోచల్లా నిలబడ్డ కాడలు, వాటి కొసన నాలుగు ముడుచుకున్న ఆకులు. కాళ్ల కింద నేల పర్రెలు విచ్చి ఉంది. పక్కన కూర మడి నేల మెత్తగా, నల్లగా ఉంది.

అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు.

"అక్కా, ఈ మడికి నీళ్లెప్పుడు పెట్టినవే?"

అక్క కొడవలి కింద పెట్టింది. "బోరు సగమే పోస్తున్నది తమ్మీ. రెండు మళ్లకు సాల్తలేదు. ఒక్కదానికే అయితున్నది, సబ్బు మడి దాని ఊటతోనే బతికింది."

"ఒక్కదానికే అయితే దీనికి గదా పెట్టాలె! పొలం దీనిమీదనే ఉన్నదని జెప్పిన్నా లేదా నీకు?"

"జెప్పినవ్."

"మరి?"

"పొద్దుగాల లేస్తే ఒడ్డు మీద ఎవలో ఒకలు నిలవడుతున్రు. అక్కా జెర పుదీన అంటున్రు. నీ బామ్ ఎవలడుగుతున్రు తమ్మీ? కూర మడి ఎండవెట్టి, నిండు పొలంల నిలవడి లేదని ఎట్ల అనాలె? నాకు నోరు రాలె."

నాకు కోపం వచ్చింది. అంత కోపం అక్క మీద ఎప్పుడూ రాలేదు. ఎవరి పొలం కోసం నేను మట్టి మూటలు మోసుకుని తిరిగానో, ఆ మనిషే నీళ్లు మళ్లించింది. ఏదో అనబోయి ఆమె మొహం చూశాను. ఏం జరుగుతుందో ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే, రోజూ పొద్దున పార పట్టుకుని కాలువను కూర మడి వైపు తిప్పింది. కోపం ఎటు పోయిందో తెలియదు.

అయినా సాక్షిని కాబట్టి పని పూర్తి చేశాను. ఉన్న ఆకును నీడలో వాడ్చి, సాయంత్రం బట్టీ వెలిగించాను. గ్లాసు పెద్దాయన తన ఓపిక ఫలించిందని సంతోషంగా వచ్చి, పైపులోంచి వచ్చిన మొదటి చుక్క వాసన చూసి, తుమ్మి, ఇంటికి పోయాడు. నీళ్ల మీద తేలిన నూనెను తీస్తే చిన్న సీసా అడుగు తడిసింది. మర్నాడు దాన్ని యంత్రంలో పెట్టాను. గీత చూసి నేనే నమ్మలేకపోయాను. నా సర్వీసులో వచ్చిన ఏ డ్రమ్ములోనూ అంత మంచి నూనె లేదు. మా ఎండకు అది చిక్కబడాల్సినంత చిక్కబడింది. నాణ్యత నూటికి నూరు పాళ్లు పాసు. వచ్చిన నూనెతో దగ్గు బిళ్లల డబ్బా ఒక్కటి తయారు చేయవచ్చు.

సీసా తీసుకుని ఆ సాయంత్రం ఇంద్రేశం పోయాను. బావ చేతిలో పెట్టి, పాసైందని చెప్పాను, ఇంతే వచ్చిందనీ చెప్పాను. బావ మూత తీసి వాసన చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. మెంథాల్‌కు ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి, అది ఆ సరుకు గుణం.

మూత బిగిస్తూ అన్నాడు, "నేను గూడ కవర్లు కవర్లు తీస్కవోయిన గదా, కంపెనీకి. నా తప్పు లేదా?" అక్క వైపు చూడకుండా, "ఇంకో ఎండకాలం జూద్దామా మరి?" అన్నాడు.

పందెం గెలిచినవాడు అలా అడుగుతాడని నేను అనుకోలేదు. పొలం దక్కినట్టేననుకున్నాను. అక్క మాత్రం తల అడ్డంగా ఊపింది.

"వద్దు. నువ్వు ఇంకో ఎండకాలం ఇస్తే నేను అదిగూడ పంచుత. నాకెరుకే. అడిగెటోళ్లు ఇంక ఎక్కువైతరు గని తక్కువ గారు, బోరు ఇంక తక్కువైతది గని ఎక్కువ గాదు. మాటిచ్చిన గదా, సంతకం వెట్టు."

ఆ తర్వాత ఆమె లోపలికి పోయి మాకు చాయ్ పెట్టింది. వానలు మొదలయ్యేలోపు బావ సంగారెడ్డి పోయి సంతకం పెట్టి వచ్చాడు.

రెండు రోడ్లూ కలుసుకున్నాయి. బావకు ఇప్పుడు షిఫ్టు దిగాక చేయడానికి పనేమీ లేదు, కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చుంటాడు, అప్పుడప్పుడూ లేచి ఆ వైపు నడిచి వస్తాడు. నూనె సీసా తలనొప్పికి వాడుతున్నాడు. అక్క ఇంట్లో గోడలు చూస్తోందా అని నేను అడగలేదు. పుదీనా అంగట్లో కొంటుంది. ప్రతిసారీ కట్ట విప్పి, లోపల గడ్డి ఎంత ఉందో చూపించి, అమ్మినామెను వీధి అంతా వినబడేలా తిడుతుంది. ఆకుకు పైసలు ఇవ్వాల్సి రావడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

మొన్నీమధ్య ఒక ఆదివారం నేను పోయేసరికి చట్నీకి అన్నీ సిద్ధం చేసుకుని పుదీనా లేదని చూసుకుంది. అంగడి రోజు కాదు. "ఉండు, వస్త" అని చెప్పులేసుకుని బయటికి నడిచింది. నేనూ వెంట పోయాను. తిన్నగా వెంచర్‌లోకి పోయింది. ఒకప్పటి తన పొలం మీద కట్టిన మొదటి ఇల్లు అది. ప్రహరీ పక్కన కుళాయి ఒకటి కారుతూ ఉంది, దాని కింద మోకాలి ఎత్తున పుదీనా ముదురాకుపచ్చగా పెరిగి ఉంది.

ఆ ఇంటామె బయటికి వచ్చింది. ఇటీవలే వచ్చినవాళ్లు, మాట కోస్తా వైపు మాట. అక్క చీర కొంగు సవరించుకుని, ఒడ్డు మీద నిలబడేవాళ్లు నిలబడినట్టే గేటు బయట నిలబడి, "జెర పుదీన ఇస్తవా బిడ్డా?" అంది.

"అయ్యో, దానికేం భాగ్యం ఆంటీ! ఎంత కావాలంటే అంత కోసుకోండి. మేమేం వేయలేదండీ, ఇల్లు కట్టాక దానంతటదే మొలిచింది. కుళాయి బాగుచేయించాలనుకుంటూనే ఉన్నాం, అంతలో ఇలా పెరిగిపోయింది. వాసనే కాస్త ఘాటు" అందామె.

అక్క వంగి ఒక ఆకు తుంపి నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకు నిలబడ్డ చోటికే వాసన వచ్చింది. యంత్రం అక్కర్లేదు. అక్క ఇంకో ఆకు తుంపి, అదీ నలిపి చూసింది. తర్వాత పిడికెడు కోసుకుని, "మంచిగున్నది బిడ్డా, సల్లగుండు" అని ఆమెకు చెప్పి బయటికి వచ్చింది.

రోడ్డు మలుపు తిరిగాక నావైపు చూడకుండా అడిగింది. "బామ్ మడిదే గదా తమ్మీ? జెరంత నీళ్లు వడితె గింత పెరుగునా అది?"

"లేదక్కా" అన్నాను. "ఇది ఇంటి నీడలో ఉన్నది కాబట్టి పెరిగింది. పొలం ఎండకు ఎంత నీళ్లు పెట్టినా గట్లనే మాడుతుండె." ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను తెలిసి తప్పు రిపోర్టు ఇచ్చింది అదొక్కసారే. అక్క నమ్మినట్టు తల ఊపింది. మొదటిసారి బామ్ మడి గురించి చెప్పినప్పుడు ఊపినట్టే ఊపింది.

చట్నీ దానితోనే నూరింది. ఇచ్చిన ఆకును పారేయడం కూడా ఆమెకు రాదు. బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. తలనొప్పి సీసా వాసన ఆయనకు తెలియనిది కాదు. అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఈ ఆకు ఏడిది?" అన్నాడు.

"అడిగితే ఇచ్చిన్రు" అంది అక్క.

బావ ఇంకో గరిటె వేయించుకున్నాడు. ముగ్గురం గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.